బయట మెకానిక్‌తో టెంపరేచర్ గేజ్ పెట్టిస్తే కారు వారంటీ పోతుందా?

ప్రశ్న: నా కారుకు మూడేళ్ల వారంటీ. కొని రెండేళ్లు దాటింది. డాష్‌బోర్డులో ఇంజిన్ వేడి చూపించే ముల్లు లేదు, బాగా వేడెక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, అంతే. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడల్లా టెన్షన్‌గా ఉంటోందని, మా ఊరి మెకానిక్‌తో విడిగా వాటర్ టెంపరేచర్ గేజ్ పెట్టించాను. రేడియేటర్ పై హోస్ కోసి, మధ్యలో అడాప్టర్ పెట్టి, దానికి సెన్సర్ బిగించాడు. ఆరు నెలలకు చిలకలూరిపేట దగ్గర హైవే మీద కూలెంట్ కారిపోయి ఇంజిన్ ఆగిపోయింది. సర్వీస్ సెంటర్ వాళ్లు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందని, 95 వేలవుతుందని, బయట సెన్సర్ పెట్టించినందుకు వారంటీ మొత్తం రద్దయిందని చెబుతున్నారు. దానికి ఒప్పుకుంటున్నట్టు ఒక ఫారం మీద సంతకం కూడా అడుగుతున్నారు. ఇన్సూరెన్స్ వాళ్లూ రాదన్నారు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య మాత్రం ఇలా వారంటీ తీసేయడం చట్టవిరుద్ధం అంటున్నాడు. ఆర్టీఏ వాళ్లు జరిమానా కూడా వేస్తారా? – పేరు వద్దన్న పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు ఆ ఫారం మీద సంతకం పెట్టకండి. పెట్టకపోతే బండి ఇవ్వబోమని వాళ్లంటే, 'వారంటీ రద్దుకు నేను ఒప్పుకోవడం లేదు' అని మీ చేత్తో రాసి, దాని కింద సంతకం చేసి, ఫోటో తీసుకోండి. ఇంజిన్ ఇంకా విప్పకపోతే, మీరు దగ్గర లేకుండా విప్పవద్దని ఈరోజే ఈమెయిల్ పెట్టండి. విప్పేసి ఉంటే పాత గ్యాస్కెట్, హోస్, అడాప్టర్, క్లిప్పులు, సెన్సర్ పారేయకుండా మీకు అప్పగించమని అడగండి. రేపు కేసు నడిచేది వీటి మీదే.

మీ అన్నయ్య చెప్పింది అమెరికాలో నిజం. అక్కడ 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. ఫలానా బ్రాండ్ విడిభాగమే వాడాలి, ఫలానా చోటే రిపేరు చేయించాలి అని వారంటీకి ముడిపెట్టడాన్ని అది చాలావరకు నిషేధిస్తుంది. ఒంగోలులో ఆ చట్టం చెల్లదు. మనకు దానికి సరిసాటి చట్టం లేదు కూడా. అయితే 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీకి అడ్డుపడే పద్ధతులను విచారించే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద ఒక ఉత్తర్వు ఇచ్చింది. శంషేర్ కటారియా కేసు అంటారు. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ గంపగుత్తగా రద్దవుతుందనే షరతు పెట్టవద్దని, ఆ బయటి పని సరిగా చేయకపోవడం వల్ల ఎంత నష్టం జరిగిందో అంతమేరకే వారంటీ నిరాకరించవచ్చని అందులో ఉంది. ఆ కంపెనీలకు వేసిన జరిమానాల మీద తర్వాత అప్పీళ్లు నడిచాయి. పైగా ఆ కేసు రిపేర్ల గురించి, గేజ్ లాంటి అదనపు పరికరాల గురించి కాదు. కాబట్టి దాన్ని చూపించి గెలిచేశామనుకోవద్దు. వాదనలో మాత్రం గట్టిగా పనికొస్తుంది.

ఇక మీ వారంటీ పుస్తకం తీసి షరతు ఎలా రాశారో చూడండి. 'కంపెనీవి కాని పరికరాల వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు' అని ఉంటే, ఆ నష్టం అడాప్టర్ వల్లే వచ్చిందని చూపాల్సిన భారం కంపెనీది. మినహాయింపు చూపి తప్పించుకోవాలనుకునేవారే దాన్ని రుజువు చేయాలి. కాబట్టి 'సెన్సర్ పెట్టించారు కదా' అనే ఒక్క మాట సరిపోదు. కూలెంట్ ఎక్కడి నుంచి కారింది, ఆ చోటికీ అడాప్టర్‌కీ సంబంధం ఏమిటి అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే ఆ మౌనమూ మీకు సాక్ష్యమే.

వాటర్ పంపు కారినా, థర్మోస్టాట్ మూసుకుపోయినా, ఫ్యాన్ రిలే పోయినా మీ గేజ్‌కి సంబంధం లేదు. అలా కాకుండా అడాప్టర్ దగ్గర క్లిప్పు వదులై హోస్ ఊడితే, నిజాయితీగా చెబుతున్నాను, కంపెనీ మీద మీ కేసు నిలబడదు. మెకానిక్ సెన్సర్‌ను ఎక్కడ పెట్టాడన్నదీ ముఖ్యమే. హోస్ మధ్యలో పెడితే కంపెనీ సెన్సర్ జోలికి వెళ్లనట్టే. దాని వైరులోంచే గేజ్‌కి కనెక్షన్ లాగి ఉంటే మాత్రం ఇంజిన్ కంప్యూటర్‌కి తప్పు వేడి చేరి, ఫ్యాన్ వేళకు తిరగకపోవచ్చు. అప్పుడు వాళ్ల వాదనకు బలం వస్తుంది. బండి దగ్గరే నిలబడి వైరింగ్ ఫోటోలు తీయండి.

ఇంకొక ఇబ్బంది ఉంది. మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, కంపెనీ లాయరు తప్పకుండా అడుగుతాడు. గేజ్ ముల్లు పైకి ఎగబాకాక ఎంతసేపు నడిపారు? వేడి తెలుసుకోవడానికే పెట్టించుకున్న గేజ్ ఉండి కూడా ఆపలేదంటే నిర్లక్ష్యం అంటారు. ఇంజిన్ కంప్యూటర్‌లో ఫాల్ట్ కోడ్ పడిన క్షణంలో కూలెంట్ ఎంత వేడిగా ఉంది, బండి ఎంత వేగంలో ఉంది అన్నది సాధారణంగా నమోదై ఉంటుంది. వెంటనే ఆపి ఉంటే ఆ డేటా మీకే మేలు చేస్తుంది. ఎవరూ చెరిపేయకముందే స్కాన్ రిపోర్టు ప్రింటు అడగండి. ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డులు, వాట్సాప్ చాట్‌లు వినియోగదారుల కమిషన్‌కు ఇచ్చేటప్పుడు, వాటిని ఏ పరికరం నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63(4) సెక్షన్ కింద జతచేయండి.

ఆ తర్వాత కంపెనీకి, డీలరుకు లాయర్ నోటీసు. దిగిరాకపోతే ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే వేయవచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. కారు ధర 50 లక్షలు దాటనంతవరకు జిల్లా కమిషన్ చాలు. ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల మధ్యయితే 200 రూపాయలు. ఫిర్యాదులో 'సేవా లోపం', 'అనుచిత వ్యాపార పద్ధతి' అనే రాయండి. 'అన్యాయమైన కాంట్రాక్టు' అని మాత్రం రాయవద్దు. ఆ మాట రాస్తే అది రాష్ట్ర కమిషన్ విచారించాల్సిన కేసని అభ్యంతరం లేవదీసి నెలల తరబడి సాగదీస్తారు. పరీక్ష చేయిస్తే తప్ప లోపం తేలని వస్తువును ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించే అధికారం 38వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. దానికోసం మొదటి వాయిదాలోనే దరఖాస్తు పెట్టమని మీ లాయరుకు చెప్పండి.

మెకానిక్‌ను కూడా పార్టీగా చేర్చాలా అన్నది ఆలోచించాల్సిన విషయం. చాలామంది దొరికినవాళ్లందరినీ చేర్చేస్తారు. కానీ 'మెకానిక్ సరిగా బిగించలేదు' అని మీరే రాస్తే, కంపెనీ చెప్పాల్సిన జవాబు మీరే రాసిపెట్టినట్టు అవుతుంది. అందుకే ముందు స్వతంత్ర నిపుణుడితో చూపించండి. తప్పు అడాప్టర్‌దే అని తేలితే అప్పుడు మెకానిక్ మీదే కేసు వేయండి. డబ్బు తీసుకుని పని చేశాడు కాబట్టి అతనూ వినియోగదారుల చట్టం కిందికే వస్తాడు. బిల్లు లేకపోయినా యూపీఐ చెల్లింపు, ఫోన్ మెసేజ్‌లు ఉంటే చాలు.

ఇన్సూరెన్స్ సంగతి క్లుప్తంగా చెబుతాను. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ మినహాయింపుల్లోనే ఉంటుంది. సెన్సర్ లేకపోయినా ఈ క్లెయిమ్ రాదు. పాలసీకి అదనంగా ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకుని ఉంటే మాత్రం దాని షరతులు చదవండి. అందులో వస్తుందని రాసి ఉండీ నిరాకరిస్తే, ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విచారించే అధికారి) రాయవచ్చు. అక్కడ ఖర్చేమీ ఉండదు, లాయరూ అక్కర్లేదు.

ఆర్టీఏ భయం వదిలేయండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధించేది బండి నిర్మాణంలో, దాని మౌలిక లక్షణాల్లో చేసే మార్పును. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో రాసిన వివరాలు తారుమారయ్యేలా మార్చకూడదని 2019 జనవరిలో ఒక కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజిన్ మార్చడం, గ్యాస్ కిట్ పెట్టించడం వేరు. మీ ఆర్‌సీలో సెన్సర్ అనే గడే లేదు. ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు అంటూ అందరూ చెప్పుకునే 182ఎ సెక్షన్ చట్టం అనుమతించని మార్పులకే వర్తిస్తుంది. గేజ్‌ను ముందు అద్దానికి, మీ చూపుకి అడ్డం రాకుండా పెట్టించుకుంటే చాలు.

బండి లేకుండా రోజు గడవని పరిస్థితి అయితే తీర్పు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నిపుణుడు చూసి రిపోర్టు ఇచ్చాక, 'అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను' అని బిల్లు మీద రాసి రిపేరు చేయించుకోండి. ఆ 95 వేలు వడ్డీతో సహా తిరిగి ఇప్పించమని ఫిర్యాదులో అడగవచ్చు.