మురుగు బురదలో మందుల లెక్క: బీఫార్మసీ తర్వాత ఇటు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ ఫైనలియర్. మురుగునీటి ప్లాంట్ల బురదలో ఏ మందు ఎంత మిగులుతుందో ముందే అంచనా కట్టే పరిశోధన చేస్తానంటోంది. దానికోసం ముందు రెండు లక్షల ఫీజుతో డేటా సైన్స్ కోర్సులో చేరతానంటోంది. దీనికి భవిష్యత్తు ఉందా?
- ఒక తండ్రి, సంగారెడ్డి

జవాబు: ఉందండీ. ఆ రెండు లక్షలు మాత్రం ఇప్పుడే కట్టకండి.

ఊళ్లో ఒక మందు ఎంత వాడుతున్నారు, అందులో ఎంత మారకుండా ఒంట్లోంచి బయటికి వస్తుంది, ప్లాంటులో ఎంత విరిగిపోతుంది, మిగిలింది నీళ్లతో పోతుందా, బురదకు పట్టుకుంటుందా? లెక్కంతా ఇంతే. తంటా చివరి మెట్టు దగ్గరే. కొవ్వులో కరిగే మందే బురదకు పడుతుందన్న ఊహతో వేసిన అంచనాలు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ దగ్గర బోల్తా పడతాయి. అది కొవ్వులో అంతగా కరగదు, అయినా విద్యుదావేశాల వల్ల బురదను వదలదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) 74 ప్లాంట్లలో సర్వే చేసి 2009లో ఫలితాలు ప్రకటిస్తే, ప్రతి బురద నమూనాలోనూ అది కనిపించింది. ఫిట్స్‌కి ఇచ్చే కార్బమాజెపైన్ ఇందుకు పూర్తిగా ఉల్టా. పెద్దగా విరగదు, బురదకు అంటదు, నీళ్లతోనే బయటికి పోతుంది. ఈ తేడా ఎందుకో కోడింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పరు. మందుకు విద్యుదావేశం ఎప్పుడు వస్తుందో చెప్పే పీకేఏ విలువ గురించి చదువుకున్న మీ అమ్మాయికి సగం ఇప్పటికే తెలుసు.

పటాన్‌చెరు మీ జిల్లాలోదే. అక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. అది ఫ్యాక్టరీల నీరు. జనం మింగిన మాత్రలను బట్టి వేసే అంచనా అక్కడ చెల్లదు, వెళ్లి కొలవాల్సిందే.

కాబట్టి ముందు కొలవడం నేర్చుకోవాలి. ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ రాసి ఫార్మాస్యూటికల్ అనాలిసిస్‌లో ఎంఫార్మసీ చేయొచ్చు, లేదా బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ విద్యా సంస్థ నైపర్‌కు ప్రయత్నించొచ్చు. ఎల్‌సీ-ఎంఎస్ (నమూనాలోని పదార్థాలను విడదీసి, కొద్దిపాటి మందునూ కొలిచే యంత్రం) మీద చేయి తిరగాలి. గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేపర్ ఉంది కానీ, ఎంటెక్‌కు బీఫార్మసీ వాళ్లను తీసుకుంటారో లేదో ఆయా సంస్థల నోటిఫికేషన్లలో చూసుకోండి. పైథాన్ అనే కోడింగ్ భాష ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్ పాఠాల్లో ఉచితంగానే వస్తుంది.

పీహెచ్‌డీ లేకుండా అచ్చంగా ఈ పరిశోధనలోనే ఉద్యోగం దొరకడం కష్టం. యూరప్‌లో కొత్త మందుకు అనుమతి అడిగేటప్పుడు పర్యావరణ ముప్పు అంచనా కూడా ఇవ్వాలి కాబట్టి మందుల కంపెనీల్లో అనుమతుల పని చూసే రెగ్యులేటరీ వైపు దారి ఉంది. ఏదీ కుదరకపోయినా, ఎల్‌సీ-ఎంఎస్ వచ్చినవాళ్లకు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల నాణ్యత పరీక్షల విభాగం క్యూసీలో పని దొరుకుతుంది. 'మురుగు చదువా?' అనే బంధువులకు ఈ ఒక్క మాట చాలు.

ఈలోగా ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టుకు ఇదే అంశం అడగమనండి. పది మందులు తీసుకుని, బురదకు ఎంత పడతాయని సూత్రం చెబుతోందో, ప్రచురితమైన కొలతలు ఏం చెబుతున్నాయో పక్కపక్కన పెట్టి చూడాలి. ఎక్సెల్ చాలు. ఆ తేడాలకు కారణం వెతకడం తనకు సరదాగా ఉంటే ధైర్యంగా పంపండి.