డెమో రికార్డు చేశాం, ఇప్పుడు తీసేయమంటున్నారు

సందేహం: మాది విజయవాడ. మొగల్రాజపురంలో హాలు అద్దెకు తీసుకుని, స్టార్టప్‌ల వాళ్ళతో టెక్ మీట్ పెట్టాం. డెమోలన్నీ యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చాం. తర్వాత విడివిడి వీడియోలుగా అప్‌లోడ్ చేశాం. లైవ్ ఉంటుందని ముందే చెప్పాం, ఎవరూ కాదనలేదు. ఇప్పుడు ఒకాయన తన వీడియో తీసేయమని, లేదంటే కేసు వేస్తానని అంటున్నారు. ఇంకోపక్క ప్రేక్షకుల్లో ఒకతను ఫోన్‌లో తీసుకున్నది తన చానల్లో పెట్టుకున్నాడు. హాలు అద్దె మాది, కెమెరా ఖర్చు మాది. హక్కు మాకుండదా?
- పేరు వద్దన్న పాఠకుడు, పటమట

సమాధానం: ఉంటుంది, కానీ మీరనుకుంటున్నంత కాదు.

వీడియో వరకూ చూస్తే మీ వాదన బాగానే ఉంది. డబ్బిచ్చి కెమెరా అతనితో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే అని 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 చెబుతుంది. స్నేహితుడెవరో ఊరికే తీసిపెడితే మాత్రం ఆ సెక్షన్ అక్కరకు రాదు. అతని దగ్గర ఒక్క ముక్క రాయించుకోండి.

చిక్కు స్టేజి మీద నిలబడినాయనతో. ఈ చట్టంలో ‘ప్రదర్శకుడు’ ఎవరో చెప్పిన జాబితా చదివితే నవ్వొస్తుంది. నటుడు, గాయకుడు, గారడీవాడు, పాములాడించేవాడు, వాళ్ళ పక్కనే ఉపన్యాసం ఇచ్చేవాడు! మైకు పట్టుకుని తన యాప్ ఎలా పనిచేస్తుందో వివరించినాయన కూడా అందులోకి వస్తాడనే నా అభిప్రాయం. తన ప్రదర్శనను రికార్డు చేసే హక్కు, ప్రజలకు ప్రసారం చేసే హక్కు సెక్షన్ 38ఏ ప్రకారం ఆయనవే, అదీ యాభై ఏళ్ళ పాటు. ఇక స్లైడ్లు, తెర మీద కనబడిన సాఫ్ట్‌వేర్ సంగతి వేరే చెప్పాలా? వాటి కాపీరైట్ కూడా మీది కాదు.

‘ఎవరూ కాదనలేదు’ అన్నారు. లైవ్ వరకూ ఆ మాటతో ఎంతో కొంత వాదించొచ్చు. తెలిసే స్టేజి ఎక్కారు కదా అంటాం. కానీ రికార్డు చేసి దాచుకోవడం, ముక్కలు చేసి మళ్ళీ పెట్టడం వేరే పని. లైసెన్సు, అంటే వాడుకునే అనుమతి, రాతపూర్వకంగా ఉండాలని చట్టం అడుగుతుంది. మీ దగ్గర కాగితం లేదు. అదే ఆయన సంతకం పెట్టి ఒప్పుకుని ఉంటే, ఆ వీడియోను మీరు వాడుకోవడానికి తర్వాత అడ్డు చెప్పే వీలు మామూలుగా ఉండేది కాదు. దాని మీద వ్యాపారం చేసి సంపాదిస్తే రాయల్టీ మాత్రం ఇవ్వాలి.

అందుకని ముందు ఆ వీడియో తీసేయండి. పంతానికి పోవద్దు. తెలిసీ హక్కు ఉల్లంఘించారని తేలితే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. లాభం కోసం చేసింది కాదంటే కోర్టు శిక్ష తగ్గించొచ్చు. అయితే ఈ నేరానికి పోలీసులు నేరుగా అరెస్టు చేయొచ్చని, బెయిలు హక్కుగా రాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క వీడియో కోసం అంత టెన్షన్ దేనికి? ఆయన యూట్యూబ్‌కి ఫిర్యాదు చేస్తే మీ చానల్‌కి స్ట్రైకు, అంటే కాపీరైట్ హెచ్చరిక, పడుతుంది, అలాంటివి మూడు పడితే చానలే పోవచ్చు.

తీసేశాక, ఎందుకు వద్దంటున్నారో మర్యాదగా అడగండి. డెమోలో లాగిన్ అయినప్పుడు అసలు కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు తెర మీద పడి ఉండొచ్చు. అదే అయితే ఆ ముక్క కత్తిరించి, మిగతాదానికి సంతకం తీసుకుని మళ్ళీ పెట్టుకోవచ్చు. లేదా పేటెంటు, అంటే కొత్త ఆవిష్కరణ మీద ఇచ్చే హక్కు, దాని గొడవ కావచ్చు. ఇది పెద్ద విషయం. పరికరం లోపల ఎలా పనిచేస్తుందో దరఖాస్తుకు ముందే లోకానికి చూపించేస్తే, అది కొత్తది కాదని పేటెంటు నిరాకరించొచ్చు. ఎగ్జిబిషన్లలో చూపినవాటికి పన్నెండు నెలల వెసులుబాటు ఉంది గానీ, అది కేంద్రం గెజెట్‌లో ప్రకటించిన ఎగ్జిబిషన్లకే, మన హాల్లో మీట్‌లకు కాదు. తన సమ్మతి లేకుండా బయటికొచ్చిందని రుజువు చేసుకుని, వెంటనే దరఖాస్తు చేస్తే పేటెంట్ల చట్టం సెక్షన్ 29 కాపాడుతుంది. ఆయన గట్టిగా ‘నేను ఒప్పుకోలేదు’ అంటున్నది అందుకే కావచ్చు. మీరు ఏ మెసేజీకైనా జవాబిచ్చే ముందు ఇది గుర్తుంచుకోండి. ఈసారి డెమో ఇచ్చేవాళ్ళకు ముందే చెప్పండి: పేటెంటుకు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసుకుని రండి, వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలే, పూర్తి వివరాలకు ఏడాది గడువుంటుంది.

ఇక ఫోన్ వీరుడి సంగతి. సొంతానికి చూసుకోవడానికో, చదువు కోసమో తీసుకుంటే తప్పులేదు. జరిగిన సంగతి వార్తగా చెబుతూ చిన్న ముక్క చూపించినా చట్టం ఒప్పుకుంటుంది. ముప్పై సెకన్ల లోపైతే ఫరవాలేదని అందరూ అంటారు, అలాంటి లెక్క చట్టంలో ఎక్కడా లేదు. అతను మొత్తం పెట్టేశాడంటే తప్పే. కానీ అది స్టేజి మీద మాట్లాడినవాళ్ళ హక్కు, ఫిర్యాదు వాళ్ళే చేయాలి. మీ లైవ్ నుంచి దించుకుని పెట్టుంటే అప్పుడు మీరే చేయొచ్చు. రిజిస్ట్రేషన్ ఫారంలో ‘రికార్డింగు నిషేధం’ అని రాసి ఉంటే దాన్ని పట్టుకోవచ్చు.

తర్వాతి మీట్‌కి స్పీకర్లందరి దగ్గరా ఇలా రాయించుకోండి: ‘నా డెమోను ప్రత్యక్ష ప్రసారం చేయడానికి, రికార్డు చేసి ఇంటర్నెట్‌లో ఉంచడానికి, ప్రపంచవ్యాప్తంగా, పదేళ్ళ పాటు అనుమతిస్తున్నాను.’ ప్రసారానికి ఒక గడి, రికార్డింగుకి ఒక గడి విడిగా పెట్టండి, ఇష్టమున్నదానికే టిక్ పెడతారు. కాలం రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్ళుగా తీసుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. యూట్యూబ్‌కి సరిహద్దులు లేవు కదా, ‘ప్రపంచవ్యాప్తంగా’ అన్న మాట మర్చిపోవద్దు.