టెన్కైచి 3 మొదలుపెట్టే ముందు

చిన్నూ,

నా పాత ప్లేస్టేషన్ 2 నీకు చేరిందని మీ అమ్మ చెప్పింది. దాంతో పాటు పంపిన ‘డ్రాగన్ బాల్ జీ: బుడోకాయ్ టెన్కైచి 3’ గురించి ఈ ఉత్తరం. మనం చూసిన డ్రాగన్ బాల్ జీ కార్టూన్ సీరియల్ ఆధారంగా స్పైక్ అనే జపాన్ సంస్థ తయారుచేయగా 2007లో వచ్చిన పోరాట వీడియో గేమ్ అది. నువ్వు మెచ్చుకునే 2024 నాటి ‘స్పార్కింగ్! జీరో’ కూడా ఇదే వరుసలోదేరా. బొమ్మలు పాతవని పక్కన పెట్టెయ్యకు.

ఒక్కో వీరుడు మారే రూపాలన్నీ కలిపి 161 మంది ఉంటారు. నీ చెయ్యి నేరుగా సూపర్ సయ్యన్ 4 గొజీటా మీదికే వెళ్తుందని నాకు తెలుసు. వద్దు. కథానాయకుడు గోకు మామూలు రూపంతో మొదలుపెట్టు. అంత బలమైనవాడు చేతిలో ఉంటే ఎడాపెడా బటన్లు నొక్కినా గెలుస్తావు, ఆట మాత్రం రాదు.

ముందు నేర్చుకోవాల్సింది దెబ్బ కొట్టడం కాదు, దూరం. ఇందులో కెమెరా నీ వీరుడి వీపు వెనకే ఉంటుంది. నేల, ఆకాశం, నీళ్ల అడుగు, అన్నీ నీవే. ఎల్2 నొక్కిపట్టి ‘కీ’ శక్తి నింపుకుంటున్నంతసేపూ నువ్వు కదలలేవు. అందుకే ఎదుటివాణ్ని ముందు దూరంగా విసిరికొట్టాలి, లేదా కొండ చాటుకు వెళ్లాలి. చాటుకు వెళ్తే నువ్వు వాడి కంటికి ఆనవు, మళ్లీ వెతుక్కోవాలి. ఆ కాస్త సమయంలోనే శక్తి నింపుకో. నిండాక కూడా వదలకుండా పట్టుకుంటే మ్యాక్స్ పవర్ వస్తుంది. అల్టిమేట్, అంటే వీరుడి అతి పెద్ద దెబ్బ, అప్పుడే పడుతుంది. సీరియల్‌లో గోకు అరుస్తూ శక్తి కూడగట్టుకుంటుంటే మనం టెన్షన్‌తో చూసేవాళ్లం కదా, ఆ టెన్షన్ ఇక్కడ నీ వేళ్లలో ఉంటుంది. నన్ను కట్టిపడేసింది అదే.

భారీ దెబ్బ తగిలే క్షణానికి సరిగ్గా సున్నా గుర్తున్న బటన్ నొక్కితే మాయమై వాడి వెనక తేలతావు. దానికీ శక్తి ఖర్చవుతుంది, ఊరికే వాడకు. ఇది కుదిరేదాకా ట్రైనింగ్‌లోనే ఉండు.

వీరుల మధ్య సమానత్వం లేదని కొందరు ఈ ఆటను తప్పుపడతారు. నేను ఒప్పుకోను. ఈ కథ రాసిన టోరియామా దగ్గరే విలన్ ఫ్రీజా ముందు గోకు స్నేహితుడు క్రిలిన్ సమానుడు కాదు. మిస్టర్ సాతాన్ అయితే ఎగరనే లేడు. కథలో ఉన్న తేడాను ఆటలోనూ ఉంచడం నిజాయితీ. మహావానరంగా మారినవాణ్ని మామూలు గుద్దులు కదిలించవు. అప్పుడు దూరం జరిగి వేరే దారి వెతకాలి, కథలో వాళ్లు చేసింది కూడా అదేగా!

చెల్లితో ఆడేటప్పుడు ఆ తేడానే వాడుకో. దానికి మహా బలవంతుడు బ్రోలీని ఇచ్చి, నువ్వు క్రిలిన్‌ను తీసుకో. కావాలని మాత్రం ఓడిపోకు, దానికి తెలిసిపోతుంది. ఇద్దరికీ చెయ్యి తిరిగాక డీపీ బ్యాటిల్‌కి వెళ్లండి. అక్కడ బలాన్ని బట్టి ఒక్కొక్కరికి ఇన్ని పాయింట్లని ఉంటుంది, ఆ హద్దులోనే జట్టు కట్టాలి.

మీ మామయ్య