డాక్టర్ సలహా: సెల్లార్‌లోకి కొత్త గండుపిల్లి వచ్చింది.. తరిమేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉండే ఐదు పిల్లులకు మూడేళ్లుగా నేనే తిండి పెడుతున్నాను. మూడింటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. రెండు ఇంకా చేతికి చిక్కలేదు. నెల కిందట ఎక్కడి నుంచో ఒక పెద్ద గండుపిల్లి వచ్చింది. రాత్రిళ్లు ఒకటే అరుపులు, కొట్లాటలు. మూడు రోజులుగా దాని ఎడమ దవడ వాచింది. తల ఒక పక్కకు వంచి తింటోంది. పాలలో పారాసిటమాల్ సిరప్ కలిపి పెడదామనుకుంటున్నాను. నాలుగు రోజుల కిందట మా పదేళ్ల బాబు దగ్గరికి వెళ్తే చేతి మీద గీరింది, కొంచెం రక్తం వచ్చింది. దాన్ని గోనెసంచిలో వేసి ఊరి బయట వదిలేయమని అసోసియేషన్ వాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ సిరప్ సీసా మూత పెట్టేయండి. పిల్లికి పారాసిటమాల్ విషం. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి మన కాలేయానికి ఉన్నంత పిల్లి కాలేయానికి లేదు. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర చాలు, పెద్ద పిల్లి ప్రాణం తీయడానికి. ఇలా జ్వరం మాత్ర వేసిన పిల్లిని ఒక ఇంటివాళ్లు నా దగ్గరికి తెచ్చారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు చాక్లెట్ రంగుకు తిరిగాయి. ముఖం, పాదాలు ఉబ్బాయి. నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వచ్చేసిందన్నమాట. పాపం, వాళ్లు ప్రేమతోనే వేశారు. నొప్పికి మనం వాడే మాత్ర ఏదైనా సరే, పిల్లికి వేయొద్దు.

రెండోది బాబు సంగతి. ఇది పిల్లి కంటే ముందు. రక్తం వచ్చిన గీత రేబిస్ లెక్కల్లో మూడో కేటగిరీ. అంటే అన్నిటికంటే తీవ్రమైనది. టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేయాలి. పిల్లే కదా, గీతే కదా అని చాలామంది వదిలేస్తారు. కుక్కలాగే పిల్లికీ రేబిస్ వస్తుంది. పిల్లి తన పంజా నాక్కుంటూ ఉంటుంది కాబట్టి గీతనూ తేలిగ్గా తీసుకోకూడదు. నాలుగు రోజులు గడిచాయని ఆగొద్దు, ఈ రోజే తీసుకెళ్లండి. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో ఈ టీకా వేస్తారు. గీత పడిన తేదీ అక్కడ చెప్పండి. అప్పటి నుంచి 10 రోజుల వరకు పిల్లిని గమనిస్తూ ఉండండి. ఆ తర్వాతా అది మామూలుగా తిని తిరుగుతుంటే మిగతా డోసుల విషయం అక్కడి డాక్టర్ నిర్ణయిస్తారు. ఈలోగా అది తూలుతూ నడిచినా, గొంతు మారినా, చొంగ కారుస్తూ మింగలేకపోయినా, ఉన్నట్టుండి మీదపడినా ఎవరూ ముట్టుకోకండి. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఇకముందు ఎవరికైనా గీత పడితే సబ్బుతో, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం లాంటివి పెట్టొద్దు.

ఇక దవడ. మీరు రాసిన గుర్తులను బట్టి కొట్లాటలో పడిన పంటిగాటు లోపల చీము పట్టిందని నా అంచనా. పిల్లి కోరపన్ను సూదిలాంటిది. లోతుగా దిగుతుంది, పైన చర్మం ఒకటి రెండు రోజుల్లో మూసుకుపోతుంది, లోపల బాక్టీరియా పెరుగుతుంది. గండుపిల్లుల బుగ్గలు దళసరిగా, ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి బొచ్చు పక్కకు తప్పించి వెతికితే తప్ప ఆ గాటు కనిపించదు. మేం అక్కడ బొచ్చు గొరిగితే గుండుసూది మొన అంత పక్కు ఒకటి ఉంటుంది. దాన్ని తీస్తే చెంచాల కొద్దీ చీము బయటికి వస్తుంది. చీము పోయి, యాంటీబయాటిక్ పడితే మర్నాటికే పిల్లి తిండి దగ్గరికి వస్తుంది. అయితే పన్ను పుచ్చినా, నోట్లో పుండ్లు ఉన్నా కూడా పిల్లి అలాగే తల వంచి తింటుంది. నోరు తెరిచి చూడకుండా ఏదీ తేల్చలేం. మత్తు ఇవ్వకుండా ఈ పిల్లి నోరు తెరవదు కూడా. కాబట్టి ఆస్పత్రికి తేవాల్సిందే.

చేత్తో పట్టుకోవడానికి మాత్రం ప్రయత్నించొద్దు. పిల్లి కరిస్తే 24 గంటల్లోనే చెయ్యి వాచిపోవచ్చు. జంతు సంరక్షణ సంస్థల దగ్గర పిల్లుల బోను ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. రెండు రోజులు బోను తలుపు పడకుండా కట్టేసి, లోపలే తిండి పెట్టండి. వేయించిన మెత్తళ్ల వాసనకు రాని పిల్లిని నేను చూడలేదు. మూడో రోజు తలుపు వదిలేయండి. పడిన మరుక్షణం పాత దుప్పటి బోను మొత్తం కప్పేయండి. చీకటి పడితే పిల్లి కొట్టుకోవడం ఆపేస్తుంది. ఈలోగా గడ్డ పగిలి చీము కారినా, తిండి మానేసినా రెండు రోజులు ఆగొద్దు, పిల్లులు పట్టడం తెలిసిన వాళ్లను ఆ రోజే పిలిపించండి. పగిలిన చోట డెటాల్, ఫినాయిల్ పోయొద్దు, అవి పిల్లి నాకితే ప్రమాదం.

నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకు గానీ, మీకు దగ్గర్లోని ప్రైవేట్ క్లినిక్‌కు గానీ తీసుకెళ్లండి. మెడలో పట్టీ గుర్తు ఉందా, మనుషులను చూసి మాట్లాడినట్టు అరుస్తుందా అన్నది కూడా గమనించండి. ఎవరో పెంచుకుని వదిలేసిన పిల్లో, తప్పిపోయిందో అయి ఉండొచ్చు. అలా అనిపిస్తే చుట్టుపక్కల నాలుగు గేట్ల దగ్గర ఫొటో అంటించండి. డాక్టర్‌ను అడగాల్సినవి చెబుతాను. గడ్డకు చికిత్స, జ్వరం తగ్గాక ఆపరేషన్, రేబిస్ టీకా, ట్రైక్యాట్ టీకా (పిల్లులకు వచ్చే మూడు వైరస్ జబ్బులకు కలిపి వేసేది). బోనులో ఉన్న పిల్లికి రోజూ మాత్రలు వేయలేరు కాబట్టి, ఎక్కువ రోజులు పనిచేసే ఇంజెక్షన్ ఏదైనా కుదురుతుందేమో అడగండి. వీలైతే ఎఫ్ఐవీ (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్), ఎఫ్ఈఎల్‌వీ (పిల్లుల లుకేమియా వైరస్) పరీక్ష కూడా చేయించండి. రెండు చుక్కల రక్తంతో పది నిమిషాల్లో తేలిపోతుంది. ఈ రెండు వైరస్‌లు మనుషులకు అంటవు. ఎఫ్ఐవీ ముఖ్యంగా లోతైన కాటుతో పాకుతుంది, ఎఫ్ఈఎల్‌వీ ఉమ్మితో, ఒకే పళ్లెంలో తినడంతో కూడా పాకుతుంది. పాజిటివ్ వచ్చిందని టెన్షన్ పడొద్దు. ఎఫ్ఐవీ ఉన్న పిల్లులు ఏళ్ల తరబడి బతుకుతాయి. తాజా కాటు అయితే రక్తంలో తేలడానికి 2 నెలల దాకా పట్టొచ్చు కాబట్టి ఇప్పుడు నెగెటివ్ వచ్చినా మళ్లీ ఒకసారి చూడాలి.

అసలు ఇది మీ సెల్లార్‌కే ఎందుకు వచ్చిందో ఆలోచించారా? ఆపరేషన్ కాని ఆ రెండూ ఆడపిల్లులేనని నా అనుమానం. ఆడపిల్లి నాలుగు నెలలకే ఎదకు రావొచ్చు. మగ దొరక్కపోతే రెండు మూడు వారాలకోసారి మళ్లీ ఎదకు వస్తుంది. ఆ అరుపు, ఆ వాసన ఎంతో దూరం నుంచి గండుపిల్లులను లాక్కొస్తాయి. కాలుగాలిన పిల్లిలా అది రాత్రంతా తిరుగుతున్నది వాటి కోసమే. మీరు దీన్ని ఊరి బయట వదిలినా నెల తిరక్కుండా ఇంకొకటి వస్తుంది, మళ్లీ ఇవే కాట్లు. వదిలేసిన పిల్లి మాత్రం తెలియని చోట తిండి దొరక్క, ఇల్లు వెతుక్కుంటూ రోడ్లు దాటి చస్తుంది. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960లోని 11వ సెక్షన్ కింద గోనెసంచిలో కుక్కి పారేయడం నేరం కూడా. అసోసియేషన్ వాళ్లకు జంతు జనన నియంత్రణ నిబంధనలు, 2023 చూపించండి. ప్రాంగణంలో ఉండే జంతువులకు తిండి పెట్టే చోటు చూపించే బాధ్యత అసోసియేషన్‌దేనని అందులో ఉంది. ఆ చోటు పిల్లలు ఆడుకునే స్థలానికి, మెట్లకు, గేట్లకు దూరంగా ఉండాలనీ ఉంది. కాబట్టి మీరూ ఆ మేరకు సర్దుకోవాలి.

ఆపరేషన్ అయ్యాక గండుపిల్లిని వాడని మోటార్ గది లాంటి చోట, గాలి ఆడేలా, ఇసుక ట్రే, నీళ్లతో ఉంచండి. ఉత్త ఆపరేషన్ అయితే ఒక రోజు చాలు, గడ్డ ఉంది కాబట్టి వారమైనా కావాలి. ఈ వారం మిగతావాటికీ మేలే. కొత్త పిల్లి మోసుకొచ్చే జబ్బుల్లో నాకు ఎక్కువ భయం పాన్‌ల్యూకోపీనియా. వాంతులు, రక్త విరేచనాలతో కూనలను రెండు మూడు రోజుల్లో పొట్టన పెట్టుకుంటుంది. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కు చావదు. మీరు ఆ గదిలోకి వెళ్లి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి, చెప్పులు మార్చండి. ఒక పాలు బ్లీచ్‌కు 30 పాళ్లు నీళ్లు కలిపి పళ్లేలను పది నిమిషాలు ఉంచి కడగండి. అన్నింటికీ ట్రైక్యాట్ టీకా వేయించడమే దీనికి అసలు మందు.

తిరిగి వదిలేటప్పుడు అదే సెల్లార్‌లో వదలండి. దాని పళ్లెం మిగతావాటికి పది పన్నెండు అడుగుల దూరంలో, మధ్యలో ఒక కారో స్తంభమో అడ్డు ఉండేలా పెట్టండి. అన్నింటికీ ఒకే సమయంలో పెట్టండి. రెండు మూడు రోజులకోసారి అడుగు దగ్గరికి జరపండి. బుస్సుమన్నా, వీపు విల్లులా ఎత్తినా అది కొట్లాట కాదు, ఇది నా చోటు అని చెప్పుకోవడం. నిజంగానే కలబడితే చెయ్యి పెట్టకండి, మధ్యలో అట్టముక్క తోయండి. ఆపరేషన్ తర్వాత హార్మోన్ దిగడానికి కొన్ని వారాలు పడుతుంది, అప్పటిదాకా కొద్దిగా రుసరుసలు ఉంటాయి. ఒకరోజు అది తోక నిటారుగా ఎత్తి పాతవాటి దగ్గరికి వస్తుంది. అవి లేచిపోకుండా కూర్చుంటే ఒప్పుకున్నట్టే. ఒళ్లూ ఒళ్లూ రాసుకోకపోవచ్చు, అయినా పర్వాలేదు.

పాలు మాత్రం ఆపేయండి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు అవుతాయి. పెరుగన్నం కడుపు నింపుతుంది గానీ పిల్లికి కావాల్సిన టారిన్ అనే పోషకం మాంసం, చేపల్లోనే ఉంటుంది. క్యాట్ ఫుడ్‌తో పాటు ఉల్లి, వెల్లుల్లి, మసాలా తగలని ఉడికించిన చికెన్, ముళ్లు తీసిన చేప పెట్టండి. అరగంటలో మిగిలింది తీసేయండి, లేదంటే ఎలుకలు చేరి అసోసియేషన్‌తో మళ్లీ గొడవ.

ఆ రెండు ఆడపిల్లుల్లో దేనికైనా పొట్ట పెరిగినట్టు, చనుమొనలు గులాబీ రంగుకు తిరిగినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. సూడి కాలం 63 నుంచి 65 రోజులే. గండుపిల్లి వచ్చి నెలైంది కాబట్టి మీ చేతిలో ఉన్న సమయం తక్కువ. బోను ఎలాగూ తెస్తున్నారు, దీనికి చికిత్స అవుతున్న వారంలోనే వాటినీ పట్టే ప్రయత్నం చేయండి.