కాపీ వాచీ చేతికి పెట్టుకోవచ్చు, అద్దెకిస్తే మాత్రం కేసే

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చూసుకుంటాను. వాచీలంటే పిచ్చి. రోలెక్స్, ఒమేగా లాంటి కంపెనీల కాపీ వాచీలు నా దగ్గర డజను దాకా ఉన్నాయి. కొన్ని మా బావ కువైట్ నుంచి తెచ్చినవి, మిగతావి ఇన్‌స్టాలో కొన్నవి. తేదీ మీద ఉండే భూతద్దం అంకెను ఎంత పెద్దగా చూపిస్తోంది, డయల్ మీద అక్షరాల అంచులు ఎంత శుభ్రంగా ఉన్నాయి అని చూసి ఏది మేలు రకమో, ఏది నాసిదో చెప్పేస్తాను. ప్రీ వెడ్డింగ్ షూట్లకు తెలిసినవాళ్లకు అద్దెకిస్తున్నాను. వాట్సాప్ గ్రూపులో రెండు అమ్మాను. ఎవరికీ ఒరిజినల్ అని చెప్పలేదు, గ్రూపులో కాపీ అనే రాశాను. ఈ మధ్య ‘సూపర్ క్లోన్’ అన్నాడని 32 వేలు పెట్టి ఒకటి కొన్నాను. 904ఎల్ స్టీలు, 300 మీటర్ల లోతులో కూడా నీళ్లు దిగవు అన్నాడు. ఏరేటర్ సరిచేయడానికి చెరువులో దిగితే గాజు లోపల ఆవిరి పట్టేసింది. డబ్బు తిరిగి ఇవ్వనంటున్నాడు. కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా? నా దగ్గరున్న వాచీల వల్ల నాకేమైనా ఇబ్బంది ఉందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు 32 వేల గురించి బాధపడుతున్నారు. నాకు భయం వేసింది మాత్రం అద్దె మాట చూసి. అందుకే ముందు అదే చెబుతాను.

కాపీ వాచీ కొనుక్కుని సొంతానికి పెట్టుకోవడాన్ని, బీరువాలో దాచుకోవడాన్ని 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం నేరం అనలేదు. ఆ చట్టం చూపంతా వ్యాపారం మీదే. మీ బావ తెచ్చినవాటికీ అంతే. దిగుమతి సరుకుల్లో నకిలీలను కస్టమ్స్ వాళ్లు ఆపడానికి 2007లో వచ్చిన నియమాల్లో, సొంత వాడకానికి లగేజీలో తెచ్చుకునేవాటికి, చిన్న పార్సిళ్లకు మినహాయింపు ఉంది. సుంకం లెక్క వేరు. ఒకే మోడల్ నాలుగైదు తెస్తే సొంతానికే అంటే ఎవరూ నమ్మరు. ఆ మాట మీ బావకు చెప్పండి.

ఇక అసలు సంగతి. ఆ చట్టంలో 104వ సెక్షన్ ఉంది. తప్పుడు ట్రేడ్ మార్కు ఉన్న సరుకు అమ్మినా, అమ్మకానికి పెట్టినా, అమ్మడానికి దగ్గర ఉంచుకున్నా, అద్దెకిచ్చినా నేరమే. అద్దె మాట ఆ సెక్షన్‌లో విడిగా రాసి ఉంది. పెళ్లికొడుకు గంటసేపు చేతికి పెట్టుకుని ఫోటో దిగి తిరిగిచ్చేసినా, మీరు డబ్బు తీసుకున్నారు కాబట్టి అది అద్దే. శిక్ష తక్కువలో తక్కువ ఆరు నెలల జైలు, ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. దాంతో పాటు 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ప్రత్యేక కారణాలు తీర్పులో రాస్తే కోర్టు తగ్గించగలదు. రెండోసారి దోషిగా తేలితే మాత్రం 105వ సెక్షన్ కింద ఏడాది నుంచి మొదలవుతుంది.

‘ఒరిజినల్ అని ఎవరికీ చెప్పలేదు’ అన్నది మిమ్మల్ని కాపాడుతుందని మీరు అనుకుంటున్నారు. అది మోసం కేసు నుంచి కాపాడుతుంది. కాపీని ఒరిజినల్ అని చెప్పి అమ్మినా, తాకట్టు పెట్టి అప్పు తెచ్చినా భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా పోవచ్చు. మీరు ఆ పని చేయలేదు, సంతోషం. కానీ 104 కింద నిజం చెప్పి అమ్మడం మినహాయింపు కాదు. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను, అనుమానించే కారణం నాకు కనపడలేదు, ఎవరి దగ్గర కొన్నానో అడగ్గానే చెప్పాను అని రుజువు చేసుకోగలిగినవాడికో, ఏ పాపం తెలియకుండా చేశానని నిరూపించుకున్నవాడికో ఆ సెక్షన్ దారి వదిలింది. మీకు ఆ దారి లేదు. ‘ఇది కాపీ’ అని మీరే వాట్సాప్‌లో రాశారు. మేలు రకం ఏదో, నాసిది ఏదో గుర్తుపట్టే మీ నేర్పు కూడా ఇక్కడ మీకు ఎదురు సాక్ష్యమే. తేదీ అద్దం రోలెక్స్‌లో రెండున్నర రెట్లు చూపించాలని, కాపీలో అంత రాదని తెలిసినవాడు నాకు తెలియదు అనలేడు.

ఇంకొక విషయం చాలామందికి తట్టదు. ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ, 7ఏ, సూపర్ క్లోన్ అన్న మెట్లన్నీ అమ్మేవాళ్లు కట్టినవి. చట్టానికి అవేవీ లేవు. పైగా కాపీ ఎంత బాగా కుదిరితే అది అసలు మార్కును పోలి జనాన్ని పొరపాటు పడేలా చేస్తుందని కంపెనీ వకీలు చెప్పడం అంత తేలిక. మీరు గర్వంగా చూసుకునే పనితనమే అమ్మకానికి పెట్టిన రోజున మీ మీదికి తిరుగుతుంది. బ్రాండు పేరు చెరిపేసి అమ్ముతానంటారేమో, డయల్ అడుగున ‘స్విస్ మేడ్’ అన్న చిన్న అక్షరాలు చూడండి. స్విట్జర్లాండ్ చట్టం ప్రకారం 2017 నుంచి వాచీ తయారీ ఖర్చులో కనీసం 60 శాతం అక్కడే జరిగితేనే ఆ మాట వేసుకోవాలి. మన చట్టంలో సరుకు ఎక్కడ తయారైంది, నాణ్యత ఏమిటి అన్న అబద్ధపు రాతను తప్పుడు వర్ణన అంటారు. 104 దానికీ వర్తిస్తుంది. 300 మీటర్లు అన్న రాత కూడా అలాంటిదే. నీళ్లు ఆగని వాచీ మీద ఆ అంకె చూసి మీలాగే ఇంకొకరు చెరువులో దిగుతారు.

రేపే పోలీసులు వస్తారని కంగారు పడకండి. ఈ కేసుల్లో వారెంటు లేకుండా సోదా చేసి స్వాధీనం చేసుకోవడానికి డీఎస్పీకి తగ్గని అధికారి ఉండాలి, ముందుగా ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. శిక్ష ఏడేళ్లకు లోపే కాబట్టి మామూలుగా అరెస్టుకు బదులు, పోలీసు, కోర్టుల విధానాన్ని చెప్పే చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 35(3) కింద నోటీసు ఇస్తారు. వస్తువులు పట్టుకెళితే, తిరిగి ఇప్పించమని పదిహేను రోజుల్లోపు మేజిస్ట్రేటు ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సివిల్ దావా సంగతి వేరు. 134వ సెక్షన్ వల్ల కంపెనీ తాను వ్యాపారం చేసే ఊళ్లో దావా వేయగలదు. భీమవరం నుంచి ఢిల్లీకో ముంబయికో వాయిదాలకు తిరగడం ఎంత ఖర్చో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ 32 వేలు. అసలుది అని నమ్మి కొని మోసపోయి ఉంటే నేనే మీ చేత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయించేవాణ్ని. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. మీరు తెలిసి కొన్నారు. చట్టం వద్దన్న సరుకు మీద కుదుర్చుకున్న బేరాన్ని కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెల్లదంటుంది. చెల్లని బేరంలో ‘నకిలీ బాగా కుదరలేదు’ అని న్యాయం అడిగితే కమిషన్ చెయ్యందించదు. మొదటి నుంచీ తెలిసినవాడికి అదే కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ కింద డబ్బు వెనక్కి ఇప్పించడం కూడా కష్టమే. పైగా ఫిర్యాదుకు జత చేసే చాటింగులు, యూపీఐ లెక్కలు మీ అద్దె వ్యవహారాన్నీ బయటపెడతాయి. డబ్బు తీసుకుని అసలు వాచీనే పంపకపోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనేవాణ్ని. మీకు వాచీ వచ్చింది. ఆ డబ్బు వదిలేసుకోమనే నా సలహా.

గ్రూపులో ఉన్న అమ్మకం పోస్టులు ఈరోజే తీసేయండి. రాబోయే ముహూర్తాలకు అడ్వాన్సు ఎవరి దగ్గరైనా తీసుకుని ఉంటే, అది వచ్చిన దారిలోనే తిరిగి పంపి, అద్దెకివ్వడం మానేశానని ఒక మెసేజి పెట్టండి. ఉన్న వాచీలు మీ చేతికే ఉంచుకోండి. స్నేహితుడికి ఊరికే ఇచ్చినా, బదులుగా ఏమీ తీసుకోకండి. కంపెనీ వకీలు నుంచి నోటీసు వస్తే దాచిపెట్టొద్దు, ఫోనులో చాటింగులు చెరపొద్దు. నోటీసులో ఇచ్చిన గడువు దాటకముందే ఇలాంటి కేసులు చూసే వకీలును కలిసి జవాబు ఇప్పించండి. ఇకమీదట అమ్మనని రాసిచ్చి అక్కడితో సర్దుకునే వీలు చాలాసార్లు ఆ దశలోనే ఉంటుంది.