కాక్స్‌టన్‌కి రోజంతా పనేంటి?

"ఇంగ్లండ్‌లో తొలి ప్రచురణకర్త విలియం కాక్స్‌టన్ రోజంతా ఏం చేసేవాడు, అచ్చు వేయడమేనా?" అని అడిగారు. విజయవాడలో పదకొండేళ్లు చిన్న ప్రెస్ నడిపాను కాబట్టి చెబుతున్నా: ఎక్కువగా మాటలు పడేవాడు.

అచ్చు పనికి మనుషులుంటారు. ఆయన అసలు బట్టల వ్యాపారి, ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్‌లో స్థిరపడ్డవాడు. 1476లో లండన్ పక్కన వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చు అంగడి పెట్టేసరికి యాభై దాటాయి. బేరాలు చూసుకుంటూనే ఇరవైకి పైగా పుస్తకాలు తనే అనువదించాడు.

ఇక మాటల సంగతి. 2009లో ఒక ఊరివాళ్లు తమ ఊరి కవిగారి శతకం వెయ్యి కాపీలు వేయించుకున్నారు. ఆవిష్కరణ అయిన వారానికి ఒక పెద్దాయన తెనాలి బస్సు దిగి వచ్చారు, చంకలో అట్ట ఊడిన నోట్‌బుక్. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నలభై రెండో పద్యం మా నాన్నగారు రాసింది ఇది కాదు."

"మాకిచ్చిన ప్రతిలో ఉన్నది ఉన్నట్టే వేశామండీ."

"ఏ ప్రతిలో ఉన్నది బాబూ?"

నా దగ్గర జవాబు లేదు.

కాక్స్‌టన్ చాసర్ అనే పాతకాలపు కవి రాసిన కథల పుస్తకం కాంటర్‌బరీ టేల్స్ తొలిసారి వేశాక ఒక పెద్దమనిషి వచ్చి, ఇది చాసర్ రాసినట్టు లేదన్నాడు. దొరికిన ప్రతి ప్రకారం వేశాను, కలిపిందీ లేదు తీసిందీ లేదు అన్నాడు కాక్స్‌టన్. అచ్చం నా జవాబే! అప్పుడు ఆ వచ్చినాయన, మా నాన్న దగ్గర సరైన ప్రతి ఉంది, ఆయనకది ప్రాణం, వదలడానికి మనసొప్పదు, అయినా మళ్లీ వేస్తానంటే తెచ్చిస్తా అన్నాడు. కాక్స్‌టన్ 1483 ప్రాంతంలో బొమ్మలతో సహా మళ్లీ వేశాడు. ఈ గొడవంతా ముందుమాటలో తనే రాసుకున్నాడు. పాత పుస్తకం కొన్నవాళ్ల చేత కొత్తది కూడా కొనిపించే ఎత్తు అందులో ఉందని నా గట్టి నమ్మకం. బట్టల వ్యాపారి కదా!

మేం మాత్రం మిగిలిన ఆరువందల కాపీల్లో తప్పొప్పుల చీటీ అతికించి ఊరుకున్నాం. నోట్‌బుక్ జిరాక్స్ తీసుకుంటానంటే పెద్దాయన ఇవ్వలేదు. పద్యం తనే చదివి, నా చేత రాయించి, రెండుసార్లు సరిచూసుకుని, ఐదున్నర బస్సుకి వెళ్లిపోయారు.