గోడ మీద బొమ్మకు పర్సనల్ లోనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మొన్న వేసవిలో ఫ్రాన్స్ వెళ్లినప్పుడు మధ్యధరా తీరంలోని కొలియూర్‌లో ఒక ఆయిల్ పెయింటింగ్ చూశాం. నీళ్లను ఆనుకుని చర్చి గంటల గోపురం, పడవలు, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్లు. ధర 6,000 యూరోలు. నెలాఖరు దాకా మా కోసం ఆపుతామన్నారు. పేరున్న ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ బొమ్మలు వేసిన ఊరు కాబట్టి విలువ పెరుగుతుందని మావారి నమ్మకం. 6 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? ఇద్దరి జీతాలు కలిపి 1,10,000. హోమ్ లోన్ ఈఎంఐతో సహా నెల ఖర్చు 80,000. బ్యాంకులో 60,000 ఉన్నాయి.

జవాబు: వద్దు.

బొమ్మను తప్పుపట్టడం లేదు. నెత్తళ్లను ఉప్పులో ఊరవేసి అమ్ముకునే ఊరు అది. విశాఖ వాళ్లకు నచ్చకపోతేనే ఆశ్చర్యం. నా కన్ను మాత్రం మీ ఉత్తరంలో చివరి అంకె మీదే ఆగింది. నెలకు 80,000 ఖర్చయ్యే ఇంటికి 60,000 అంటే 22 రోజులు. ఇద్దరూ సంపాదిస్తున్నారు, ఫ్రాన్స్ చూసొచ్చారు, ఇంట్లో ఉన్నది మాత్రం 22 రోజుల తిండి! ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. వస్తువు ఒక్కటే మారుతుంది, ఒకరిది కారు, ఇంకొకరిది బైక్.

లోన్ లెక్క చూడండి. 14 శాతం వడ్డీకి ఐదేళ్లంటే ఈఎంఐ దాదాపు 13,960. చివరికి కట్టేది దాదాపు 8.38 లక్షలు. దిగుమతి సుంకం, జీఎస్‌టీ, ప్యాకింగ్, రవాణా అన్నీ దీనికి అదనం. అప్పుడు నెల ఖర్చు 94,000 అవుతుంది, మీ 22 రోజులు 19కి దిగుతాయి. ఆ మధ్యలో ఒకరి ఉద్యోగం ఆగినా, ఇంట్లో పెద్దవాళ్లకు స్టెంట్ పడినా ఏం చేస్తారు? క్రెడిట్ కార్డు గీకుతారు. పెయింటింగ్ అప్పు మీద ఆసుపత్రి అప్పు. గోడ మీది బొమ్మను విశాఖలో వారం రోజుల్లో కొనేవాళ్లెవరు?

విలువ పెరుగుతుందన్న మాటకు వద్దాం. 1905 వేసవిలో మతీస్, ఆయన తోటి చిత్రకారుడు డెరాన్ కొలియూర్‌లో బొమ్మలు వేసిన మాట నిజం. కానీ కోట్లు పలుకుతున్నది వాళ్ల చేయి, ఆ రేవు కాదు. ఆ గోపురాన్ని అప్పటి నుంచీ ఎందరో వేస్తూనే ఉన్నారు. మీకు నచ్చిన చిత్రకారుడి బొమ్మలు ఇంతకుముందు వేలంలో అమ్ముడుపోయాయా అని మీవారు అడిగారా? పోనీ పెరిగిందే అనుకుందాం. పెయింటింగ్ మన పన్ను చట్టంలో క్యాపిటల్ అసెట్, రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను.

నగలు కుదువ పెట్టి గోల్డ్ లోన్ తీసుకుంటే వడ్డీ తగ్గుతుంది కదా అని మీకు ఈపాటికే తట్టి ఉంటుంది. అదీ వద్దు. ఆపదలో అక్కరకొచ్చేది ఆ బంగారమే.

ముందు ఆరు నెలల ఖర్చు, అంటే 4.8 లక్షలు పక్కన పెట్టండి. బ్యాంకులో ఉన్న 60,000కు తోడు నెలకు మిగులుతున్న 30,000 ముట్టుకోకుండా దాస్తే 14 నెలలు పడుతుంది. ఆ డబ్బు సేవింగ్స్ ఖాతాలోనో, స్వీప్ ఎఫ్‌డీలోనో (ఖాతాలో మిగులు డబ్బు దానంతటదే డిపాజిట్‌గా మారి, అవసరమైతే వెనక్కి వచ్చే ఏర్పాటు) ఉండాలి. షేర్లలో కాదు, చీటీలో అసలే కాదు. అది నిండాక ఇంకో 20 నెలలు అదే 30,000 బొమ్మ ధర కోసం, సుంకం, రవాణాలకు ఇంకొన్ని నెలలు దాచుకోండి, నగదుతో కొనుక్కుంటారు. అప్పటికీ మనసు దాని మీదే ఉంటే, హోమ్ ఇన్సూరెన్స్‌లో ఆ పెయింటింగ్‌ను విడిగా విలువ రాయించి చేర్చండి. మామూలు సామాన్ల కవర్‌లో అది కలుస్తుందనుకోవద్దు.

బొమ్మను ఆపి ఉంచొద్దని గ్యాలరీకి ఈ రోజే రాసేయండి. లేకపోతే నెలాఖరు దాకా ఇంట్లో ఇదే చర్చ. జీతం పడిన మర్నాడే 30,000 ఆ స్వీప్ ఎఫ్‌డీ ఖాతాలోకి వెళ్లిపోయేలా బ్యాంకులో చెప్పి రండి.